ఫ్లోర్ హీటింగ్ మ్యానిఫోల్డ్ కొనేముందు ఏం చూడాలి?

నేలలో పైపులు పరిచి, వాటిలో వేడినీళ్ళు తిప్పి గదిని వెచ్చబరిచే పద్ధతి గురించి మాట్లాడేటప్పుడు అందరూ పైపు దగ్గరే ఆగిపోతారు. ఏ పెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) పైపు, ఎన్ని మిల్లీమీటర్లు, వరసకీ వరసకీ మధ్య ఎంత దూరం అని గంటలు గంటలు చర్చ. ఆ పైపు చుట్లకి, అంటే లూపులకి, నీళ్ళు పంచే మ్యానిఫోల్డ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఎన్ని లూపులు? ఎనిమిదా? అయితే ఎనిమిది పోర్టులది ఒకటి ఇవ్వండి" అనేసి ఊరుకుంటారు. నాకైతే ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. పైపు ఒకసారి స్క్రీడ్‌లో, అంటే నేల మీద పోసే సిమెంటు పొరలో, పూడిపోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేరు, ముట్టుకోవాల్సిన అవసరం కూడా దాదాపు రాదు. తర్వాత ఏ సమస్య వచ్చినా, ఒక గది చల్లగా ఉండిపోయినా, పైపులో గాలి చిక్కుకున్నా, ప్రెషర్ పడిపోతున్నా, మనిషి చెయ్యి పెట్టి ఏదైనా చెయ్యగలిగేది మ్యానిఫోల్డ్ దగ్గరే.

అందుకే నమ్మకమైన మ్యానిఫోల్డ్ అంటే నా లెక్క ఒకటే: అందులో కదిలే చిన్న చిన్న భాగాలు మీ లూపులకి సరిపోయేవై ఉండాలి, పదిహేనేళ్ళ తర్వాత కూడా వాటిని విప్పి మార్చుకోగలగాలి. లావుపాటి మెరిసే కడ్డీ ఎంత బరువుందో అన్నది ఆ తర్వాతి సంగతి.

ముందు అసలు వస్తువేమిటో చూద్దాం. రెండు అడ్డ కడ్డీలు. పైదో కిందిదో, ఒకటి సప్లై, అంటే వేడినీళ్ళు వచ్చేది. రెండోది రిటర్న్, నేలలో తిరిగి చల్లబడిన నీళ్ళు వెనక్కి చేరేది. ప్రతి లూపూ సప్లై కడ్డీ మీద మొదలై, గదంతా చుట్టి, రిటర్న్ కడ్డీలో ముగుస్తుంది. ఒక కడ్డీ మీద లూపుకో ఫ్లో మీటర్ (ఎన్ని నీళ్ళు పారుతున్నాయో చూపేది), ఇంకో కడ్డీ మీద లూపుకో వాల్వ్, ఆ వాల్వ్ నెత్తిన థర్మోస్టాట్ చెప్పినట్టు విని దాన్ని తెరిచి మూసే యాక్చుయేటర్. చివర్లలో గాలి వదిలే వెంట్లు, నీళ్ళు నింపే, తీసే కుళాయిలు, మొత్తం కట్టేసే బాల్ వాల్వులు. అంతే. చూడటానికి ఇంత సులువైన వస్తువులో తికమక ఎక్కడుందంటే, ఈ ముక్కల్లో ఏది ఎంత ముఖ్యమో అమ్మేవాళ్ళు చెప్పరు, బొమ్మలో అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి.

మొదట లెక్క. లెక్క లేకుండా మ్యానిఫోల్డ్ కొనడం కొలతల్లేకుండా చొక్కా కుట్టించుకోవడమే. ఒక గది 15 చదరపు మీటర్లు అనుకోండి, చదరపు మీటరుకి 60 వాట్ల వేడి కావాలి అనుకోండి. మొత్తం 900 వాట్లు, అంటే నిమిషానికి 54,000 జౌళ్ళు. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడితే సుమారు 4,186 జౌళ్ళు వదులుతాయి. లోపలికెళ్ళే నీటికీ తిరిగొచ్చే నీటికీ 7 డిగ్రీల తేడా పెట్టుకుంటే, ఆ లూపులో నిమిషానికి దాదాపు 1.84 లీటర్లు పారాలి. హీట్ పంప్ పెట్టుకుని తేడాని 5 డిగ్రీలకే ఉంచితే అదే గదికి 2.58 లీటర్లు కావాలి.

ఇప్పుడు ఈ అంకె పట్టుకుని ఫ్లో మీటర్ చూడండి. కొన్ని మ్యానిఫోల్డుల్లో ఫ్లో మీటర్ స్కేలు 0 నుంచి 2.5 లీటర్ల దాకా ఉంటుంది, కొన్నిట్లో 4 దాకా, కొన్నిట్లో 5 దాకా. మీకు కావాల్సింది 2.58 అయితే మొదటి రకం పనికిరాదు, లోపలి ఎర్ర బిళ్ళ అడుక్కి అంటుకుని అక్కడే ఉంటుంది, నిజంగా ఎంత పారుతోందో మీకు తెలీదు. దీనికి ఉల్టా కూడా ఉంది. 5 చదరపు మీటర్ల బాత్రూమ్‌కి 350 వాట్లు కావాలంటే, అదే 7 డిగ్రీల తేడాతో నిమిషానికి 0.7 లీటర్లే. 5 దాకా ఉన్న స్కేలు మీద 0.7 చదవడం కళ్ళకి పరీక్షే. పైగా ఇవి కొలత పరికరాలుగా అంత కచ్చితమైనవేమీ కావు, పది శాతం అటూ ఇటూ మామూలే. కాబట్టి మీ లూపులన్నిటి ఫ్లో అంకెలు ఒక కాగితం మీద రాసుకుని, అవి స్కేలు మధ్యభాగంలో పడేలా ఉండే ఫ్లో మీటర్ ఎంచుకోవడం మంచిది.

బాలెన్సింగ్, అంటే ఏ లూపుకి ఎన్ని నీళ్ళో సరిచేసి పంచడం, ఎందుకో కూడా ఈ రెండు గదులతోనే అర్థమవుతుంది. పెద్ద గదిలో వరసల మధ్య 20 సెంటీమీటర్ల దూరంతో వేస్తే చదరపు మీటరుకి 5 మీటర్ల పైపు, మొత్తం 75, మ్యానిఫోల్డ్ దాకా రానూపోనూ ఇంకో 10 కలిపితే 85 మీటర్లు. 16 మిల్లీమీటర్ల పైపులో (గోడ మందం 2, అంటే లోపలి వ్యాసం 12) 1.84 లీటర్లు పారితే 85 మీటర్లకి సుమారు 10 కిలోపాస్కల్ ఒత్తిడి ఖర్చవుతుంది, అంటే మీటరు ఎత్తు నీళ్ళంత. బాత్రూమ్ లూపు పొట్టిది, దానికి కావాల్సిన నీళ్ళూ తక్కువే. అడ్డు తక్కువ కాబట్టి ఎవరూ ఆపకపోతే నీళ్ళు అటే పరిగెడతాయి. బాత్రూమ్‌లో కాళ్ళు కాలుతుంటే హాల్లో దుప్పటి కప్పుకుని కూర్చోవాల్సి వస్తుంది. అందుకే ప్రతి లూపుకీ విడిగా బిగించే వాల్వ్, పక్కనే ఫ్లో మీటర్. అన్ని లూపులూ దాదాపు ఒకే పొడవు, గదులు ఒకేలాంటివి అయితే ఫ్లో మీటర్ లేని చౌక రకం కూడా నడుస్తుంది, కానీ అలాంటి ఇల్లు ఎక్కడో గానీ ఉండదు. 16 మిల్లీమీటర్ల పైపుతో ఒక లూపు 100 మీటర్లు దాటకుండా చూసుకోవాలి, దాటితే గదిని రెండు లూపులుగా చీల్చడమే మేలు. అంటే మ్యానిఫోల్డ్ పోర్టుల సంఖ్య గదుల సంఖ్యతో కాకుండా లూపుల సంఖ్యతో తేలుతుంది, ఇక్కడే చాలామంది ఒకటి రెండు తక్కువ కొనేస్తారు.

కడ్డీ సైజు గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. ఇళ్ళకి అంగుళం కడ్డీ మామూలు. పది లూపులు, ఒక్కోదాంట్లో 2 లీటర్లు, మొత్తం నిమిషానికి 20 లీటర్లు వేసుకున్నా 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంలో నీటి వేగం సెకనుకి 0.7 మీటర్లే, చప్పుడు చేసేంత కాదు. పన్నెండు దాటి పోర్టులు కావాలంటే ఒకే పొడుగు కడ్డీ కన్నా ఇంటికి రెండు చోట్ల రెండు చిన్న మ్యానిఫోల్డులు పెట్టడం నయం, లూపులు కూడా పొట్టిగా వస్తాయి. కేటలాగులో కేవీ అని ఒక అంకె కనిపిస్తుంది, అది వాల్వ్‌కి అటూ ఇటూ 1 బార్ తేడా ఉంటే గంటకి ఎన్ని ఘనమీటర్ల నీళ్ళు పారతాయో చెబుతుంది. ఎక్కువైతే అడ్డు తక్కువ. కేవీ 1.1 ఉన్న వాల్వ్‌లోంచి మన 1.84 లీటర్లు పారితే పోయేది 1 కిలోపాస్కల్, పైపులో పోయే 10తో పోలిస్తే పట్టించుకోనక్కర్లేదు. కేవీ అంకె అసలు ఇవ్వని కంపెనీ వస్తువుని మాత్రం నేను పక్కన పెట్టేస్తాను. అంకె బాగుందా లేదా అని కాదు, వాళ్ళు దాన్ని కొలవలేదేమో అన్న అనుమానం.

ఇక అందరూ ముందుగా అడిగే ప్రశ్న, ఇత్తడా, స్టెయిన్‌లెస్ స్టీలా, ప్లాస్టిక్కా?

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. వేడి చేసి అచ్చులో నొక్కి తయారుచేసే ఫిట్టింగులకి యూరప్‌లో ఎక్కువగా వాడే రకం సీడబ్ల్యూ 617ఎన్, అందులో జింకు దాదాపు 40 శాతం, సీసం 2 శాతం ఉంటాయి. క్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు, అందులోనూ కదలకుండా నిలిచిన వేడినీళ్ళు, ఇత్తడిలోంచి జింకుని మెల్లగా లాగేస్తాయి. మిగిలేది బొరియలు పడ్డ ఎర్రటి రాగి. దీంతో చిక్కేమిటంటే పైకి ఆకారం మారదు. వస్తువు చక్కగానే కనిపిస్తుంటుంది, స్పానర్ పెట్టి తిప్పితే పోర్టు ముక్క చేతికొచ్చేస్తుంది. ముందుగా కనిపించే గుర్తు జాయింట్ల దగ్గర తెల్లటి పొడి గడ్డకట్టడం. ఆ పొడి గీకితే కింద పసుపు బదులు గులాబీ ఎరుపు కనిపిస్తే అది ఇదే. దీన్ని తట్టుకోవడానికి ఆర్సెనిక్ కొద్దిగా కలిపిన సీడబ్ల్యూ 602ఎన్ లాంటి రకాలున్నాయి, వాటిని డీజెడ్‌ఆర్ అని పిలుస్తారు. అయితే ఇది అందరికీ అవసరమా అంటే, కాదు. ఒకసారి నింపి మూసేసిన సిస్టమ్‌లో అవే నీళ్ళు తిరుగుతుంటాయి, కొత్త నీళ్ళు రావు. ఆ నీళ్ళు బాగుంటే మామూలు ఇత్తడి ఏళ్ళ తరబడి నిక్షేపంగా ఉంటుంది. ఉప్పు, క్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు నేరుగా నింపేవాళ్ళు, మాటిమాటికీ టాపప్ చేసేవాళ్ళు మాత్రం డీజెడ్‌ఆర్ అడగాలి, అంతకన్నా ముందు మాటిమాటికీ నీళ్ళు ఎందుకు తగ్గుతున్నాయో చూసుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు సాధారణంగా 304 రకం. గోడ పల్చగా ఉంటుంది, తేలిక, చూడ్డానికి అందం. తుప్పు పట్టదు అన్న మాట మూడొంతులు నిజం. క్లోరైడ్ ఎక్కువైతే దీనికీ సన్నటి గుంటలు పడతాయి, వెల్డింగ్ అతుకు దగ్గర మొదలవుతుంది. ఇంకో మాట, కడ్డీ స్టీలైనా లోపలి వాల్వ్ ఇన్సర్టులు (వాల్వ్‌లో కదిలే లోపలి ముక్కలు) ఎక్కువగా ఇత్తడివే, సీళ్ళు రబ్బరువే. స్టీలు అన్నది కడ్డీకే గానీ మొత్తానికి కాదు. పల్చటి గోడలో మరలు ఎలా వేశారో చూడండి. పోర్టు దగ్గర లోహాన్ని బయటికి లాగి మందం పెంచి మర వేశారా, లేక ఇత్తడి ముక్క ఒకటి బిగించారా అని. రెండూ పనిచేస్తాయి, రెండోదాంట్లో ఒక సీలు ఎక్కువ.

ప్లాస్టిక్ అంటే గాజు పోగులు కలిపిన పాలీఅమైడ్. దీని మీద ఉన్న చిన్నచూపు నాకు అంత సబబుగా అనిపించదు. నేలలో తిరిగే నీళ్ళు సాధారణంగా 35 నుంచి 45 డిగ్రీలే, ఆ వేడికి ఈ ప్లాస్టిక్ హాయిగా ఆగుతుంది, తుప్పు ఊసే లేదు. వేసవిలో అదే పైపుల్లో చల్లనీళ్ళు తిప్పేవాళ్ళకి ఇంకో లాభం, లోహం మీద పట్టినంత చెమ్మ దీనిమీద పట్టదు. కాకపోతే ఇవి ఎక్కువగా ఒక్కో లూపుకి ఒక్కో ముక్క చొప్పున జోడించుకునే రకం. కావాలంటే తర్వాత ఇంకో లూపు కలుపుకోవచ్చు, కానీ ప్రతి అతుక్కీ ఒక ఓ-రింగ్ (రబ్బరు రింగు) చొప్పున కారే చోట్లు పెరుగుతాయి. ప్లంబర్ ఇత్తడికి అలవాటు పడిన చేత్తో గట్టిగా బిగిస్తే మర పగిలే ప్రమాదమూ ఉంది. 70 డిగ్రీల నీళ్ళు పొరపాటున నేరుగా వచ్చే అవకాశం ఉన్న చోట, అంటే కట్టెల బాయిలర్ లాంటివి ఉన్న చోట, నేను లోహం వైపే మొగ్గుతాను.

ముగ్గురిలో ఎవరు గెలిచారంటే ఎవరూ కాదు. కడ్డీ పగిలి సిస్టమ్ ఆగిపోవడం అరుదు. మామూలుగా ఆగిపోయేది ఇన్సర్టు దగ్గర, ఫ్లో మీటర్ దగ్గర, పైపు చివర బిగించే ఫిట్టింగ్ దగ్గర.

వాల్వ్ ఇన్సర్టు అంటే యాక్చుయేటర్ విప్పితే కనిపించే సన్నటి పిన్ను, దాని కింద స్ప్రింగు, దాని కింద రబ్బరు బిళ్ళ. పిన్ను నొక్కితే లూపు మూసుకుంటుంది, వదిలితే స్ప్రింగు తెరుస్తుంది. చలికాలం అయిపోయాక నెలల తరబడి మూసిన స్థితిలోనే ఉండిపోతే పిన్ను అక్కడే పట్టేస్తుంది. తర్వాత చలికాలం ఒక గది వెచ్చబడదు, యాక్చుయేటర్ పాడైందని కొత్తది కొంటారు, అయినా వెచ్చబడదు. కొనేటప్పుడే దీన్ని పరీక్షించవచ్చు. ప్లాస్టిక్ మూత విప్పి, ఏదైనా చదునైన గట్టి వస్తువుతో పిన్నుని నొక్కండి. రెండు మూడు మిల్లీమీటర్లు మెత్తగా దిగాలి, వదలగానే చటుక్కున పైకి రావాలి. అన్ని పోర్టులకీ ఇలా చెయ్యండి. ఒక్కటి గరగరలాడినా, బద్ధకంగా లేచినా ఆ పెట్టె వెనక్కి ఇచ్చెయ్యండి. తర్వాత అడగాల్సింది, ఈ ఇన్సర్టు విడిగా దొరుకుతుందా? పిన్ను చుట్టూ ఉన్న చిన్న ఓ-రింగ్‌ని సిస్టమ్ ఖాళీ చెయ్యకుండా మార్చుకోవచ్చా? దీనికి సూటిగా సమాధానం రాకపోతే మెరుపు ఎంతున్నా దండం పెట్టి వచ్చెయ్యడమే.

యాక్చుయేటర్ బిగించే మర ఎక్కువ కంపెనీల్లో ఎం30×1.5. కొన్నిట్లో ఎం28, కొందరిది సొంత క్లిప్పు పద్ధతి. మర కలిస్తే చాలనుకోకండి, పిన్ను ఎత్తు కంపెనీని బట్టి కాస్త మారుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాతోనే యాక్చుయేటర్ వాల్వ్‌ని పూర్తిగా మూయలేదు, లేదా పూర్తిగా తెరవలేదు. యాక్చుయేటర్, మ్యానిఫోల్డ్ ఒకే కంపెనీవి కొనడం, లేదా యాక్చుయేటర్ వాళ్ళు ఇచ్చే అడాప్టర్ పట్టికలో మీ మ్యానిఫోల్డ్ పేరు ఉందో లేదో చూసుకోవడం మంచిది. యాక్చుయేటర్లు లోపల మైనం వేడెక్కి ఉబ్బడం వల్ల పనిచేస్తాయి కాబట్టి తెరుచుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, స్విచ్ వేసిన మరుక్షణం కదల్లేదని కంగారు పడక్కర్లేదు. 24 వోల్టులా 230 వోల్టులా అన్నది మీ కంట్రోలర్‌ని బట్టి, కలగాపులగం చేస్తే కాలిపోతాయి.

ఫ్లో మీటర్‌లో చూడాల్సింది పారదర్శకమైన గొట్టం. కొన్నేళ్ళకి లోపల నల్లటి బురద పట్టి అంకె కనపడదు. నీళ్ళు తియ్యకుండానే ఆ గొట్టాన్ని విప్పి కడిగే వీలున్న రకాలున్నాయి, కాస్త ఎక్కువ పెట్టినా అవే కొనండి. సెట్ చేసిన ఫ్లో ఎవరూ తిప్పకుండా లాక్ చేసే రింగు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఇంట్లో ఎవరో ఒకరికి ఆ రంగు మూతలు తిప్పాలనిపిస్తుంది. నీళ్ళు ఏ వైపు నుంచి పారాలో బాణం గుర్తు ఉంటుంది. సప్లై, రిటర్న్ తారుమారైతే ఫ్లో మీటర్ తప్పు చూపిస్తుంది, వాల్వ్ మూసుకునే ముందు టకటకా కొట్టుకుంటుంది. ఇల్లంతా వినిపించే ఆ చప్పుడికి మ్యానిఫోల్డ్ నాసిరకం అని తిట్టుకుంటారు గానీ చాలాసార్లు కారణం పైపులు అటూ ఇటూ మారడమే.

ఈ మధ్య లూపుకి ఎంత ఫ్లో కావాలో డయల్ తిప్పి పెడితే పక్క లూపులు మూసుకున్నా తెరుచుకున్నా అంతే పారేలా చూసుకునే ఇన్సర్టులు వచ్చాయి. గదికో థర్మోస్టాట్ ఉండి, లూపులు రోజంతా విడివిడిగా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండే ఇళ్ళలో ఇవి నిజంగా ఉపయోగం. మొత్తం ఇంటికి ఒకే థర్మోస్టాట్ ఉన్నవాళ్ళకి డబ్బు దండగ.

పైపు చివర ఫిట్టింగ్ సంగతి. ఎక్కువ మ్యానిఫోల్డుల్లో ముప్పావు అంగుళం యూరోకోన్ (లోపల కోను ఆకారంలో ఉండే) పోర్టు ఉంటుంది, దానికి పైపుని బట్టి అడాప్టర్ కొనాలి. 16×2 పైపుకి 16×2.2 అడాప్టర్ వేస్తే బిగుసుకున్నట్టే ఉంటుంది, మొదటి చలికాలంలో చెమ్మ మొదలవుతుంది. మల్టీలేయర్ పైపుకి, మామూలు పెక్స్‌కి అడాప్టర్లు వేరు కావచ్చు, పైపు కంపెనీ చెప్పినవే వాడాలి. పైపు అడ్డంగా సూటిగా కోసి, అంచు నునుపు చెయ్యకపోతే లోపలికెళ్ళేటప్పుడు ఓ-రింగ్‌ని చీరేస్తుంది. మ్యానిఫోల్డ్ దగ్గర కారే కేసుల్లో పెద్ద వాటా ఈ ఒక్క అడుగులోనే ఉంటుంది, అది కడ్డీ తప్పు కాదు.

నీళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫ్లో మీటర్‌లో ఆ నల్ల బురద ఎక్కడిది? నీటిలో కరిగిన ఆక్సిజన్ వల్ల సిస్టమ్‌లోని ఇనుప భాగాలు తుప్పుపట్టి వచ్చే మాగ్నటైట్ అది. ఆక్సిజన్ ప్లాస్టిక్ పైపు గోడల్లోంచి కూడా లోపలికి చొరబడుతుంది, అందుకే ఫ్లోర్ హీటింగ్ పైపుల్లో దాన్ని అడ్డుకునే ఈవీఓహెచ్ పొర ఉంటుంది, డీఐఎన్ 4726 ప్రకారం అని పైపు మీద ముద్ర ఉంటుంది. ఆ పొర లేని పైపు వేసి ఖరీదైన స్టీలు మ్యానిఫోల్డ్ పెట్టినా బాయిలర్, పంపు తుప్పు పట్టి ఆ చెత్త వచ్చి ఇన్సర్టుల్లోనే చేరుతుంది. మ్యానిఫోల్డ్ ముందు ఒక మాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టండి. జర్మన్ మార్గదర్శకం వీడీఐ 2035 హీటింగ్ నీళ్ళ పీహెచ్ 8.2 నుంచి 10 మధ్య, అల్యూమినియం భాగాలుంటే 9 లోపు ఉండమంటుంది. సీళ్ళు ఈపీడీఎం రబ్బరువైతే నీళ్ళు గడ్డకట్టకుండా గ్లైకాల్ కలిపినా ఏం కాదు, కానీ మినరల్ ఆయిల్, గ్రీజు తగిలితే ఉబ్బి పాడవుతాయి. మర జారడానికి చేతికందిన గ్రీజు రాసే అలవాటు ఇక్కడ వద్దు, సిలికాన్ గ్రీజు వాడండి.

తాగునీటికి పనికొస్తుందన్న ధ్రువపత్రం చూపించి ఇది నాణ్యమైనది అని అమ్మేవాళ్ళుంటారు. ఆ పత్రం ముఖ్యంగా నీళ్ళలోకి సీసం లాంటివి దిగుతాయా లేదా అన్నదాని గురించి. ఫ్లోర్ హీటింగ్ నీళ్ళు ఎవరూ తాగరు. అది ఉంటే చెడ్డేమీ లేదు గానీ, పిన్ను పట్టేయదన్న హామీ మాత్రం కాదు.

వేడి ఎక్కడ తయారవుతుందన్నదాన్ని బట్టి మిక్సింగ్ యూనిట్ కావాలా వద్దా తేలుతుంది. బాయిలర్ 60, 70 డిగ్రీల నీళ్ళు పంపిస్తుంటే, తిరిగొచ్చిన చల్లనీళ్ళు కలిపి తగ్గించే వాల్వ్, సొంత పంపు, వేడి హద్దు దాటితే ఆపేసే థర్మోస్టాట్ ఉన్న యూనిట్ తప్పనిసరి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 మనుషులు తిరిగే చోట నేల పైభాగం 29 డిగ్రీలు, గోడల వెంట అంచుల్లో 35 డిగ్రీలు దాటకూడదంటుంది. హీట్ పంప్ ఎలాగూ తక్కువ వేడి నీళ్ళే ఇస్తుంది కాబట్టి దానికి మిక్సింగ్ యూనిట్ అనవసరం, పైగా చేటు కూడా, ఇంకో పంపు, ఇంకో వాల్వ్, ఇంకో పాడయ్యే వస్తువు. కానీ హీట్ పంప్‌కి ఎప్పుడూ కొంత ఫ్లో ఉండాలి. అన్ని గదుల యాక్చుయేటర్లు ఒకేసారి మూసుకుంటే చిక్కు కాబట్టి ఒకటి రెండు లూపులకి యాక్చుయేటర్ పెట్టకుండా తెరిచి ఉంచుతారు, లేదా నీళ్ళు పక్కదారిన తిరిగేలా బైపాస్ వాల్వ్ పెడతారు.

కొనేముందు రెండు కడ్డీల మీదా ప్రతి లూపునీ విడివిడిగా మూసే వీలుందో లేదో చూడండి. సిస్టమ్ మొదటిసారి నింపేటప్పుడు ఒక్క లూపే తెరిచి, ఒక వైపు నుంచి నీళ్ళు తోసి, రెండో వైపు నుంచి బుడగలు ఆగేదాకా బయటికి పోనిచ్చి, దాన్ని మూసి పక్కది తెరవాలి. అన్నీ ఒకేసారి తెరిచి నింపితే పొట్టి లూపుల్లోంచి నీళ్ళు పోతాయి, పొడుగువాటిలో గాలి అలాగే ఉంటుంది. ఒక కడ్డీ మీదే మూసే వీలుంటే నింపడానికి సరిపోతుంది గానీ, తర్వాత ఎప్పుడైనా ఒక్క లూపు మీద అనుమానం వచ్చి దాన్ని వేరుచేసి ప్రెషర్ చూడాలంటే కుదరదు.

క్యాబినెట్ ముందు కొనకండి. పోర్టుల మధ్య సాధారణంగా 50 మిల్లీమీటర్లు, ఎనిమిదికి 400, దానికి బాల్ వాల్వులు, వెంట్లు, మిక్సింగ్ యూనిట్ కలిస్తే అనుకున్నదానికన్నా బాగా పొడుగవుతుంది. లోతు కూడా యాక్చుయేటర్ పెట్టాక కొలవాలి. మ్యానిఫోల్డ్ నేల కన్నా పైన, ఇంటికి మధ్యలో, అల్మారా అడ్డు పెట్టని చోట ఉండాలి. దాని ముందు అన్ని లూపుల పైపులూ గుమిగూడి ఆ చోటు మాత్రం బాగా వేడెక్కుతుంది, అక్కడ పైపులకి ఇన్సులేషన్ తొడగాలి.

స్క్రీడ్ పొయ్యకముందే మ్యానిఫోల్డ్ బిగించి, నీళ్ళు నింపి, 4 నుంచి 6 బార్ల మధ్య ప్రెషర్ పెట్టి చూడాలి, పోసేటప్పుడు కూడా ఆ ప్రెషర్ అలాగే ఉంచాలి. మేస్త్రి పార ఎక్కడైనా తగిలితే గేజ్ ముల్లు అప్పుడే చెప్పేస్తుంది. పని అయ్యాక ఏ పోర్టు ఏ గదిది, పొడవెంత, ఎంత ఫ్లో పెట్టారు అన్నది రాసిన కాగితం ఒకటి, రెండు స్పేర్ ఇన్సర్టులు, ఒక ఫ్లో మీటర్, ఒక ఓ-రింగుల ప్యాకెట్ క్యాబినెట్ లోపలే పెట్టెయ్యండి. కొన్న రోజునే అవి కూడా కొనాలి, ఎందుకంటే మోడల్ మారిపోయాక అవే ముందుగా దొరకడం మానేస్తాయి.